ఏటేటా పెరిగిన సాక్ష్యం

ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చిన వేళకి నేను కొబ్బరిబొండాం కోసం ఆసుపత్రి గేటు బయటికి వెళ్ళి ఉన్నాను. ఆ కాసేపూ మంచం పక్కనే కూర్చుని ఉంటే ఇంత కథ జరిగేది కాదు. కానీ బొండాలమ్మే మనిషిది పెంటపాడు, నా పుట్టిల్లూ పెంటపాడే. ఒక ఊరివాళ్ళం ఏలూరులో కలిశాక బొండాం కొట్టించుకుని ఊరికే వచ్చేస్తామా? అతని మేనత్త ఎవరో, ఆవిడ పెళ్ళిలో పప్పుచారు ఎలా మాడిందో అన్నీ నాకు గుర్తొచ్చాయి. అవి చెప్పి, బొండాం పట్టుకుని, మెట్లెక్కి పైకొచ్చేసరికి మా ఆయన దిండుకి చేరగిలబడి ఒక కుర్రాడి ఫోనులో ఏదో వేలుపెట్టి చూపిస్తున్నారు.

"ఇదిగో బాబూ, ఇదే మా చర్చి సంఘం చానలు. కింద గంట బొమ్మ ఉంది చూశారా, అది కూడా నొక్కండి. కొత్తది పెట్టినప్పుడల్లా మీకు తెలుస్తుంది" అంటున్నారు.

ఆ కుర్రాడు బుద్ధిగా గంట నొక్కాడు. మంచానికి అటుపక్క నిలబడ్డ మా అమ్మాయి స్టెల్లా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం జరిగిందే?" అన్నాను.

"నాన్న తన సాక్ష్యం చూపించారమ్మా" అంది స్టెల్లా. "ఈయన ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున వచ్చారు. ఇదివరకు గుండెజబ్బు ఏమైనా ఉందా అని అడిగారు. అడగడమే పాపం."

నా చేతిలో బొండాం జారింది గానీ పట్టుకున్నాను.

మా సంగతి తెలియనివాళ్ళకి ఇందులో ఏముందో అర్థం కాదు. మాది కొల్లేరు గట్టు మీద ఊరు. మా ఆయన ఏసుబాబుగారు చేపల చెరువుల మీద మేత వేసే పని చేసేవారు. తవుడు బస్తాలు దోనెలోకి ఎత్తుకుని, గెడ వేసుకుంటూ చెరువంతా తిరిగి వచ్చేవారు. అరవై దాటినా ఆ పని మానలేదు. పోయిన నెలలో ఒకరోజు దోనె ఎక్కబోతూ గుండె పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు. తాడేపల్లిగూడెం మిషను బడిలో టీచరుగా చేస్తున్న మా స్టెల్లా పరుగున వచ్చి ఏలూరు తీసుకొచ్చింది. లోపలికి గొట్టం పంపి చూసి, గుండెకి పోయే నాళాలు మూడు పూడుకుపోయాయి, ఆపరేషను చెయ్యకపోతే కుదరదు, ఎంతోకాలం ఆగడానికీ లేదు అన్నారు డాక్టరుగారు. రేషను కార్డు మీద చేయించుకుందామంటే మా కార్డు ఎప్పుడో ఎగిరిపోయింది. అది వేరే రామాయణం. రెండేళ్ళ క్రితం స్టెల్లా మా ఇద్దరికీ ఒక ప్రైవేటు కంపెనీలో ఆరోగ్య బీమా చేయించింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఆపరేషను మా వల్ల అయ్యే పని కాదు. మా అమ్మాయి మెడలోదీ చేతులవీ తీసి అమ్మినా సగానికి రాదు.

ఆ బీమా చేయించేటప్పుడు స్టెల్లా ఫోనులో అడిగింది. "నాన్నా, ఇదివరకు మీకేమైనా జబ్బులున్నాయా? ఉంటే రాయాలి."

"నాకేం జబ్బమ్మా. రాయిలా ఉన్నాను" అన్నారీయన. అది అక్షరాలా నిజం. నిజం కానిది వేరే ఉంది.

దాని పుట్టుక చెబుతాను. ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. మా చెరువులకి తవుడు పంపే పట్టాభిరామయ్యగారు తాడేపల్లిగూడెంలో పెద్ద వ్యాపారి. వాళ్ళ మనవరాలి ఓణీల ఫంక్షనుకి మమ్మల్నిద్దర్నీ పేరుపెట్టి పిలిచారు. ఆ భోజనాల సంగతి ఏం చెప్పను. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, వాటి వెనక పూర్ణం బూరెలు. బూరెకి నడిమధ్య వేలితో చిల్లు పొడవడం, వెనకే వచ్చే అమ్మాయి అందులోకి కాచిన నెయ్యి ధారగా పోయడం. మా ఆయన చిల్లు పొడుస్తూనే ఉన్నారు, ఆ అమ్మాయి పోస్తూనే ఉంది. పట్టాభిరామయ్యగారు స్వయంగా వచ్చి "ఏసుబాబూ, మొహమాటపడకు" అన్నారు. మొహమాటం అన్న మాట ఆ విస్తరి దగ్గర ఎవరూ అననక్కర్లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఏలూరు బస్సులో ఉంగుటూరు దాటగానే ఈయనకి ఎదలో పట్టేసింది. చెమటలు పట్టాయి, ఊపిరాడలేదు. భీమడోలు సెంటర్లో దిగిపోయాం. నాకూ భయం వేసింది, ప్రార్థన చేసుకున్నాను, కాదనను. బడ్డీకొట్టతను చూసి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి, గోళీసోడా కొట్టిచ్చాడు. ఈయన గటగటా తాగి ఒక త్రేన్పు త్రేన్చారు. అవతల ఆగిన లారీ డ్రైవరు కిందికి దిగి టైరు చూసుకున్నాడు. అంతే, నొప్పి పోయింది. నేను అక్కడే జామకాయలు బేరం చేసి కొన్నాను. ఊరికి వచ్చేశాం. మర్నాడు పొద్దున్నే ఈయన మేత బస్తాలు ఎత్తారు.

మా సంఘంలో ఏటా కోతపండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు దేవుడి సన్నిధికి తెస్తారు. గుమ్మడికాయలు, ధాన్యం, కోళ్ళు, కొర్రమీనులు కూడా తట్టలో పెట్టుకుని వస్తారు. వాటిని వేలం వేసి, తర్వాత సాక్ష్యాలు చెబుతారు. ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పాలి. మా ఆయన ఆ ఏడు లేచి, బస్సులో గ్యాసు పట్టిందని, ప్రార్థన చేస్తే తగ్గిందని చెప్పి కూర్చున్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన వెనకాలే లేచిన ఆవిడ పాము కరిచి బతికింది. సంఘమంతా ఆవిడకే స్తోత్రం చెప్పింది.

ఆ దెబ్బ మా ఆయనకి బాగా తగిలింది.

మరుసటేడు సాక్ష్యంలోంచి సోడా తప్పుకుంది. ఆ పై ఏడు గ్యాసు కాస్తా గుండెనొప్పి అయింది. తర్వాతి ఏడు బస్సు అంబులెన్సు అయింది. ఆ తర్వాత ఏలూరులో పెద్ద డాక్టర్లు వరసగా నిలబడి పెదవి విరిచారు. చిట్టచివరికి ఈయన గుండె పూర్తిగా ఆగిపోయింది. నేనేమో కాళ్ళ దగ్గర కూర్చుని జుట్టు విరబోసుకుని ఏడ్చాను. ఆ సమయంలో నేను జామకాయలు బేరమాడుతున్న సంగతి తలుచుకుని, స్త్రీల వైపు చాప మీద తల వంచుకుని కూర్చునేదాన్ని. చెప్పొద్దూ, ఆయన చెబుతుంటే మాత్రం నాకూ కళ్ళనీళ్ళు వచ్చేవి. అంత బాగా చెప్పేవారు.

పాస్టరుగారమ్మాయి బ్లెస్సీ డిగ్రీ చదువుతోంది. సంఘానికి యూట్యూబు చానలు పెట్టింది ఆ పిల్లే. మా ఆయన సాక్ష్యానికి పగిలిన గుండె బొమ్మ వేసి, చుట్టూ మంటలు పెట్టి, "ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంది" అని ఎర్రక్షరాలతో రాసింది. మా చానల్లో ఎక్కువమంది చూసింది అదే. ఇన్సూరెన్సు కుర్రాడికి ఈయన గంట నొక్కించి మరీ చూపించింది కూడా అదే.

ఆ మర్నాడు ఆసుపత్రిలో ఇన్సూరెన్సు కౌంటరు చూసే ప్రీతి అనే అమ్మాయి స్టెల్లాని పిలిచింది. కంపెనీ ఒప్పుకోలేదుట. గుండెజబ్బు ముందునుంచే ఉందనీ, దాన్ని దాచిపెట్టి బీమా తీసుకున్నారనీ మెయిలు పెట్టారు. స్టెల్లా పైకొచ్చి, వాళ్ళ నాన్నకి వినపడకుండా వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చింది. చిన్నప్పుడు కొల్లేట్లో కొత్త చెప్పు పడిపోయినప్పుడు ఎలా ఏడ్చిందో అలాగే ఏడ్చింది.

"ఏడవకే. ఆ కుర్రాడేడీ?" అన్నాను.

"కిందే ఉన్నాడు, ఇంకో కేసు మీద వచ్చాడుట. క్యాంటీన్లో టిఫిను తింటున్నాడు. ఆయన్నంటే ఏం లాభం, ఉన్నది చూసి రాశాడు."

నేను కిందికి దిగాను. పాపం, ఒక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. పేరు శ్రీకర్ అట, నిడదవోలు వాళ్ళబ్బాయి. నేను ఎదురుగా కూర్చున్నాను.

"చట్నీ వేయించుకోలేదేం బాబూ?"

"కారంగా ఉందండి మామ్మగారూ" అని అతను ప్లేటు ముందుకి జరిపాడు. తిట్లు తినడానికి సిద్ధపడ్డ మనిషిలా ఉన్నాడు. "చూడండి, నాక్కూడా బాధగానే ఉందండి. తాతగారు తనంతట తనే చెప్పారు. నేను విన్నది రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

"నువ్వు తప్పు రాశావని నేననలేదు నాయనా. ఆయన సాక్ష్యం నువ్వు మొత్తం విన్నావా?"

"విన్నానండి. చివరిదాకా."

"చివర్లో ఏం చెప్పారు?"

శ్రీకర్ ప్లేటు మళ్ళీ దగ్గరికి లాక్కుని ఇడ్లీ తుంచాడు. "దేవుడు ముట్టాడనీ, గుండె కొత్తదయిపోయిందనీ, స్కాను తీస్తే జబ్బు ఆనవాలు కూడా లేదనీ అన్నారండి."

"మరింకేం. మీ బీమా తీసుకునేనాటికి ఆయనకి జబ్బు లేనట్టే కదా. అదీ అందులోనే ఉంది."

అతని చేతిలో ఇడ్లీ ముక్క సాంబారులో పడిపోయింది.

"మామ్మగారూ, మా కంపెనీ స్వస్థత నమ్మదండి."

"జబ్బు నమ్ముతుందా?"

"జబ్బు నమ్ముతుందండి."

"రెండూ ఒకే మనిషి, ఒకే నోటితో, ఒకే గుక్కలో చెప్పాడు. అరటిపండు ఒలిచి తొక్క నాకు నచ్చింది, పండు నాకొద్దు అన్నట్టుంది మీ వ్యవహారం. నమ్మితే మొత్తం నమ్మండి, ఆయనకి జబ్బు పోయింది. నమ్మకపోతే మొత్తం మానెయ్యండి, ఆయనకి జబ్బు రానే లేదు. ఎటు చూసినా మీరు డబ్బు కట్టాలి."

అతను నవ్వాడు. నవ్వకూడదనుకుంటూ నవ్వాడు, పొరపోయింది. నేను మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాను. 

"అసలు ఏం జరిగిందండీ ఆ రోజు?" అన్నాడు నీళ్ళు తాగి.

బూరెల దగ్గర్నుంచి జామకాయల దాకా చెప్పాను. ముక్క వదల్లేదు. అతను టిఫిను సంగతే మరిచిపోయాడు. "నా మాట నమ్మక్కర్లేదు. ఈ సాక్ష్యం మొదలైన మూడో ఏటినుంచీ బ్లెస్సీ అన్నీ వీడియో తీసి పెట్టింది. పాతది ముందు పెట్టు, కొత్తది చివర్న పెట్టు" అన్నాను.

ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని చూశాం. ముందుదాంట్లో ఈయన బస్సులో ఉన్నారు. తర్వాతదాంట్లో అంబులెన్సులో ఉన్నారు. ఆ తర్వాతదాంట్లో డాక్టర్లు ఇద్దరు, దాని తర్వాతదాంట్లో అరడజను మంది. గుండె ఆగేసరికి శ్రీకర్ ఫోను బోర్లించేసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకు అర్థమైందండి. కానీ మా పై ఆఫీసరుకి అర్థమవ్వాలి కదా. చెరువు యజమాని దగ్గరా పట్టాభిరామయ్యగారి దగ్గరా నేను కనుక్కుంటాను. అది సరిపోదు. తాతగారే చెప్పాలండి. ఆ రోజు వచ్చింది గుండెజబ్బు కాదని, తన నోటితో, నా ఫోను ముందు. అప్పుడైతే మళ్ళీ చూడమని పైకి రాస్తాను."

"దానికేం, చెబుతారు" అన్నాను. పెళ్ళయి ఇంతకాలమైనా ఆ మనిషి నాకు పూర్తిగా తెలియదు.

"చెప్పను" అన్నారు మా ఆయన.

"ఏవండీ..."

"చెప్పనే. దేవుడి సన్నిధిలో నిలబడి చెప్పిన మాట. ఇప్పుడు డబ్బు కోసం కాదంటానా?"

"దేవుడికి కొత్తగా తెలిసేదేముందండీ. ఆ రోజు భీమడోల్లో మనతోనే ఉన్నాడు కదా. సోడా సంగతి ఆయనకి తెలీదా?"

"నువ్వు ఎగతాళి చెయ్యకు సువర్ణా. సంఘంలో నేను తలెత్తుకోలేను. ఏసుబాబు అబద్ధాలకోరు అంటారు. ఆ మాట పడి బతికేకంటే..."

ఆ తర్వాత మాట నేను అననివ్వలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. పక్క మంచం మీద వాళ్ళాయనకి అన్నం కలిపి పెడుతున్న కామేశ్వరిగారు ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయింది. మేం మాట్లాడుకునేటప్పుడల్లా వాళ్ళాయనకి అన్నం ఆలస్యమవుతోంది పాపం.

నేనే పాస్టరుగారికి ఫోను చేయించాను. సాయంత్రానికి కైకలూరు బస్సు పట్టుకుని వచ్చారు. సంచిలో రొట్టె ముక్కలూ, పాస్టరమ్మగారిచ్చిన మజ్జిగా తెచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మా ఆయన చెప్పిందంతా విన్నారు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏసుబాబుగారూ, తలెత్తుకోవడం సంగతి మీరేం పెట్టుకోకండి. సంఘం మొత్తానికి తెలుసండీ."

"ఏం తెలుసండీ?"

"బూరెలు. ఆ ఆదివారమే మీ ఆవిడగారు మా ఆవిడతో చెప్పారు. మా ఆవిడ స్త్రీల సమాజంలో చెప్పింది."

మా ఆయన నా వైపు తిరిగారు. నేను బొండాంలో స్ట్రా సరిచేశాను. నిజమే, చెప్పాను. ఆ పూట చెప్పుకోవడానికి వేరే ఏముంది నాకు?

"మరి ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనలేదేం?" అన్నారు ఈయన, గొంతు తగ్గిపోయి.

"కోతపండుగ నాడు ఎవరి గుమ్మడికాయ వాళ్ళు తెస్తారండీ. బరువెంతని నేను అడగను" అన్నారు పాస్టరుగారు. "పైగా ఈ ఏడు ఎందాకా పోతుందో చూద్దామని ముందు వరసలో చోటు కోసం కొట్టుకునేవాళ్ళు ఉన్నారు. కిందటేడు మీకు జలుబు చేసి సాక్ష్యం లేదంటే వేలంపాటే సరిగ్గా సాగలేదు. తప్పు నాదీ ఉందండి. చిన్నదిగా ఉన్నప్పుడే ఒక మాట అనాల్సింది. నాకూ వినాలనే ఉండేది."

నేను అమ్మయ్య అనుకున్నాను. ఇంక ఒప్పుకుంటారు. కానీ మా ఆయన చూపు పైకప్పు మీదికి పోయింది.

"సరోజకి తెలీదు కదా" అన్నారు చివరికి.

ఆ పేరు వినగానే నేనూ పాస్టరుగారూ మొహాలు చూసుకున్నాం. సరోజ మా సంఘం మనిషి కాదు. జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిలు తోటలో పని చేసుకునే ఆవిడ. ఫోనులో ఈయన సాక్ష్యం చూసి, రెండు బస్సులు మారి మా ఊరొచ్చింది. వాళ్ళాయనకి గుండె బాగోదు. మా ఆయన రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకి అద్దుకుంది. ఈయన ఆవిడకి సాక్ష్యం మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. ఆవిడ ధైర్యంగా వెళ్ళింది. ఆ రోజంతా ఈయన ఎంత సంతోషంగా ఉన్నారో నాకు గుర్తుంది.

"నా మాట మీద ఆవిడ వాళ్ళాయన మందులు మానిపించి ఉంటే?" అన్నారు మా ఆయన. "ఇన్నాళ్ళూ నాకా ఆలోచనే రాలేదు సువర్ణా. నిజం నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలీదు కదా మరి. ఇప్పుడు తెలిసింది. ఇది సోడాకి పోయే నొప్పి కాదు."

పక్క మంచం దగ్గర కామేశ్వరిగారు ముక్కు చీదింది.

"ఆ కుర్రాణ్ణి రమ్మను" అన్నారు ఈయన. "కంపెనీ వాళ్ళ కోసం కాదు. ఆవిడ కోసం చెబుతాను. కావాలంటే వాళ్ళూ చూసుకుంటారు. బ్లెస్సీతో చెప్పి మన చానల్లో కూడా పెట్టించండి అయ్యగారూ. పాతవి తీసెయ్యమనండి."

మర్నాడు శ్రీకర్ వచ్చేసరికి ఈయన తల దువ్వించుకుని కూర్చున్నారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆకుపచ్చ చొక్కా మీద కండువా వేయమన్నారు, వేశాను. వార్డులో మాట అప్పటికే పాకింది. నడవగలిగిన పేషెంట్లు సెలైను స్టాండులు తోసుకుంటూ వచ్చి చేరారు. నర్సమ్మ గదమాయించి, గదమాయించి, తనూ తలుపు దగ్గర నిలబడింది. శ్రీకర్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలెట్టారు మా ఆయన. ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతు ఎత్తుకుంటే ఆగదు.

"సరోజమ్మా, ఇది మీకోసం చెబుతున్నాను. నేను ఇదివరకు చెప్పింది నిజం కాదమ్మా. ఆ రోజు నాకు వచ్చింది గుండెపోటు కాదు, బూరెలు. తాడేపల్లిగూడెం పట్టాభిరామయ్యగారింట్లో పదకొండు పూర్ణం బూరెలు తిన్నాను."

నాకు తెలిసి ఏడు. కానీ అంత నిజం ఆయన ఒక్క గుక్కలో చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కువైన ఆ నాలుగు బూరెల కోసం ఆపబుద్ధి కాలేదు.

"నెయ్యి పోసే అమ్మాయిది తప్పు కాదు, నాదే. బస్సులో గ్యాసు పట్టింది. భీమడోల్లో సోడా తాగితే పోయింది. ప్రార్థన చేసుకున్న మాట నిజం, తగ్గిన మాట నిజం. మిగతాదంతా నేను కలిపాను. డాక్టర్లని నేను కలిపాను, అంబులెన్సు నేను కలిపాను. అసలు గుండెనొప్పి నాకు ఇప్పుడే వచ్చింది, పోయిన నెలలో. అది చెబితే చెప్పేది కాదమ్మా. ఎద మీద దోనె ఎక్కించినట్టుంటుంది. మీ ఆయన అది రోజూ పడుతున్నాడు. మందులు మానిపించకండి. డాక్టరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకెళ్ళండి. దేవుడు డాక్టరు దగ్గర కూడా ఉంటాడు, నేను ఇక్కడ చూశాను. నన్ను క్షమించండి."

"ఆమెన్" అంది కామేశ్వరిగారు. నుదుటి మీద రూపాయంత కుంకుమ బొట్టు పెట్టుకుని, మంచానికి దుర్గమ్మవారి పటం కట్టిన మనిషి ఆవిడ. అనేశాక తనే కంగారుపడి పమిట సర్దుకుంది. సెలైను స్టాండు పట్టుకున్న పెద్దాయన మాత్రం, ఆ పదకొండు బూరెలూ మినప్పిండివా, బియ్యప్పిండి కలిపినవా అని అడిగాడు. నర్సమ్మ అందర్నీ తోలేసింది.

శ్రీకర్ తిన్నగా తాడేపల్లిగూడెం వెళ్ళాడుట. పట్టాభిరామయ్యగారు ఓణీల వీడియో తీయించి చూపించారు. అందులో తేదీతో సహా మా ఆయన చిల్లు పొడుస్తూ కనిపించారు. మర్నాడు మేత వేశాడని చెరువు యజమాని చెప్పాడు. అన్నీ కలిపి పైకి పంపాడు. అక్కడినుంచి ఉలుకూ పలుకూ లేదు. డాక్టరుగారు వచ్చి నాడి చూసి, ఇంక వాయిదా వెయ్యొద్దమ్మా అన్నారు. స్టెల్లా చేతుల గాజులు తీసి చేతిసంచిలో పెట్టుకోవడం చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. అడిగితే ఇద్దరం ఏడుస్తాం.

ఆ పొద్దు ప్రీతి కౌంటరు వదిలి తనే మెట్లెక్కి పైకొచ్చింది. ఫోనులో చెప్పొచ్చు కదా అంటే, ఇది చెప్పడానికి నడిచి రావాలనిపించిందండీ అంది. కంపెనీ ఒప్పుకుంది. ఆపరేషనంతా వాళ్ళే కడతారు. దూదీ, చేతి తొడుగులూ మాత్రం మేం కొనుక్కోవాలిట.

"అదేంటమ్మా, గుండె కొయ్యడానికి ఇస్తారు గానీ తుడవడానికి ఇవ్వరా?" అన్నాను.

"రూలండీ మామ్మగారూ" అంది ప్రీతి.

"సరే, ఆ దూది నేనే తెచ్చుకుంటాను. మా పెంటపాడులో పత్తి చెట్టు ఒకటి ఉండేది" అన్నాను. స్టెల్లా నవ్వుతూ ఏడ్చింది. గాజులు మళ్ళీ తొడుక్కునేటప్పుడు ఒకటి ఎక్కలేదు, సబ్బు రాసి నేనే ఎక్కించాను.

ఆపరేషను అయింది. లోపల ఉన్నంతసేపూ నేను ఎలా ఉన్నానో చెప్పను, అది నాకూ దేవుడికీ మధ్య. గది మార్చాక నన్ను లోపలికి పంపారు. ఎదకి కట్టు, మొహం వాడిపోయింది, గొంతు పీలగా ఉంది. నన్ను చూసి వేలితో దగ్గరికి రమ్మన్నారు. ఏదో ప్రేమమాట చెబుతారని వంగాను.

"ఎంతమంది చూశారు?"

"ఏమిటండీ?"

"నా వీడియో."

"పాతదానికంటే ఎక్కువేట, బ్లెస్సీ చెప్పింది. ఇన్సూరెన్సు పై ఆఫీసరు రెండుసార్లు పెట్టించుకుని చూశాడుట. వాళ్ళావిడకి కూడా పంపాడుట."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. "సరోజ?"

"ఆవిడ ఫోను చేసింది. మీరు లోపల ఉన్నారని చెప్పాను. మందులు మానలేదండీ. కానీ మానెయ్యాలని వాళ్ళాయన రోజూ పోరుపెడుతున్నాడుట, మిమ్మల్నే చూపించి. మీ కొత్తది చూశాక నోరెత్తడం లేదుట. కోపంగా ఉందా అని అడిగాను. ఉందండీ అంది. తాతగారికి తగ్గాక వచ్చి తిడతాను, అప్పటిదాకా జాగ్రత్తగా చూసుకోండి అంది."

"తిట్టనీ" అన్నారు మా ఆయన. "వచ్చినప్పుడు భోజనానికి ఉండమను" అన్నారు. తర్వాత మళ్ళీ నా చెయ్యి లాగారు. "సువర్ణా, కోతపండుగకి ఈ ఆపరేషను సంగతి చెప్పొచ్చా? ఇది నిజమే కదా."

"చెప్పొచ్చు. నేను పక్కనే నిలబడి ఉంటాను."

"డాక్టర్లు ఎంతమంది ఉన్నారు లోపల?"

"నలుగురు."

"నలుగురేనా?" అన్నారు దిగులుగా.

నర్సమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మూడు గదులు, ఒక్కో గదిలో ఒక్కో రంగు బంతి, పక్కన గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలిట. మూడూ లేస్తే ఊపిరితిత్తులు బాగున్నట్టు.

"మాటలు తర్వాతండీ. ముందిది పీల్చండి" అని గొట్టం నేనే నోట్లో పెట్టాను.

ఆయన పీల్చారు. బంతులు కదల్లేదు. మళ్ళీ పీల్చారు. కనుబొమలు ముడిపడ్డాయి, కట్టు మీద చెయ్యి వేసుకున్నారు. నేను ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. మూడోసారికి నీలం బంతి కిందనుంచి కాస్త లేచి, వణికి, మళ్ళీ కూర్చుంది.

గొట్టం తీసి నా వైపు చూశారు, మూడూ లేచాయని అంటారేమోనని నేనూ చూశాను.

"ఒకటే లేచింది" అన్నారు.

"ఒకటి చాలండీ ఈ పూటకి" అన్నాను.